ఒక్క పాయింటు ఒరెస్ట్

గాలి మా వైపు ఉంది. పోయినవారం కథ ఆగినచోట మాకు మిగిలిన మంచి సంగతి అదొక్కటే.

చేత్తో విసురుతూ, కాలితో తన్నుతూ ఆడే మా ఫుట్‌బాల్ లీగు సెమీఫైనల్ చివరికొచ్చింది. మా సస్కటూన్ క్రేన్స్‌కి ఇరవై ఒకటి, విండ్సర్‌కి ఇరవై ఒకటి. రెండో సగం మొదలయ్యేముందు బంతి కావాలా, గాలి కావాలా అని రిఫరీ అడిగినప్పుడు మా కోచ్ ఒరెస్ట్ మజురక్ బంతిని వాళ్ళకు వదిలేసి, ఆఖరి పావు ఆటలో గాలి మా వెనక ఉండేలా కోరుకున్నాడు. జనరల్ మేనేజర్ క్లేటన్ హార్‌గ్రీవ్ పైన అద్దాల గదిలోంచి అది చూసి నెత్తి కొట్టుకున్నాడట. మూడో పావులో ఎదురుగాలికి మాకు నిజంగానే చుక్కలు కనబడ్డాయి. బంతిని తన్నే వైలీకి మోకాలు తిరిగిపోయింది. వాణ్ణి ఇక దింపడానికి వీల్లేదని చెప్పింది నేనే.

నేను లెసియాను. జట్టు ఫిజియోథెరపిస్టును, కోచ్ కూతుర్ని. మా వంశంలో కాలేజీ పట్టా అందుకున్న మొదటి మనిషిని. మైదానంలో ఆయన నాకు కోచ్, ఇంట్లో నాన్న. ఆ రెండు పిలుపులనూ కలపకూడదని ఉద్యోగంలో చేరిన రోజే ఒట్టు పెట్టుకున్నాను.

ఈ ఆట పోతే ఏం పోతుందో మా అందరికీ తెలుసు. హార్‌గ్రీవ్ అమెరికా నుంచి డెవాన్ స్టాక్‌హౌస్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి విసిరే ఆటగాణ్ణి, తెచ్చాడు. నాన్న అతన్ని బెంచీమీద కూర్చోబెట్టి, మా దగ్గర్లోని డక్‌లేక్ ఊరి కుర్రాడు రెమీ పారంటోను ఆడించాడు. లీగు మా దేశానిది, కానీ అందులో బంతి విసిరే చోట నిలబడ్డ మా దేశపు వాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఓడితే నాన్నకు ఉద్యోగం ఉండదు. రెమీని వచ్చే ఏడు పరిగెత్తి బంతి పట్టుకునేవాడిగా మార్చేస్తారు. అలా మారినవాడు మళ్ళీ విసిరే చోటికి తిరిగి రావడం నేను చూడలేదు.

ఇక గడియారంలో ఒక్క ప్రయత్నానికే చోటుంది. పది గజాలు దాటడానికి ఇచ్చే మూడు ప్రయత్నాల్లో రెండు అయిపోయాయి. బంతి విండ్సర్ గోలు గీతకు ముప్ఫై అయిదు గజాల దూరంలో ఉంది. వైలీ ఉంటే గోలు స్తంభాల మధ్యకు కొట్టేసేవాడు. సమంగా మిగిలితే అదనపు ఆట. తన్నేవాడు లేకుండా అందులోకి దిగడమంటే ఓటమికి సంతకం పెట్టినట్టే.

అప్పుడే విండ్సర్ ముందువరసలో ఉన్న భారీ మనిషొకడు పిక్క పట్టుకుని కూలబడ్డాడు. వాళ్ళ డాక్టర్లు పరిగెత్తారు. చూడగానే నాకు అర్థమైంది, అది కండరం పట్టేయడం. ఈ చలికి వదలడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపే మాకు దొరికింది.

నాన్న చెయ్యి ఊపి రెమీని పక్కకు పిలిచాడు.

"ఒరేయ్, బంతి తన్నగలవా?"

రెమీ హెల్మెట్ తీశాడు. తలలోంచి ఆవిరి లేస్తోంది. వాడు సమాధానం చెప్పేలోపే వెనకనుంచి ఖరీదైన బూట్ల చప్పుడు. హార్‌గ్రీవ్ పై గది వదిలి కిందికి వచ్చేశాడు.

"ఒరెస్ట్! స్టాక్‌హౌస్‌ని దింపు. ఇప్పుడే. అంత దూరంనుంచి మనిషిని తెచ్చింది బెంచీ వెచ్చబెట్టడానికా?"

దుప్పటి కప్పుకుని కూర్చున్న స్టాక్‌హౌస్ చెయ్యెత్తాడు. "బెంచీ బాగానే వెచ్చబడింది సార్. ఆ పని మాత్రం లోటు లేకుండా చేశాను."

"క్లేటన్, పైన హీటరు పాడైందా?" అన్నాడు నాన్న, రెమీమీదనుంచి చూపు తిప్పకుండా. "ఆట అయ్యాక తిడుదువుగాని. అప్పటిదాకా కాస్త గాలికి అడ్డంలేకుండా నిలబడు."

"అసలు నువ్వు చెయ్యబోయేదేంటి?"

"తన్నిద్దామనుకుంటున్నా."

"క్వార్టర్‌బ్యాక్ చేత?"

"వైలీ కాలు కుంటి. మిగతావాళ్ళవి కాళ్ళు కావు, దుంగలు. వీడు బడిలో రెండు పనులూ చేశాడు. బంతి గోలు గీత దాటి, దాని వెనకున్న వాళ్ళ చివరి మడిలో పడాలి. వాళ్ళు దాన్ని అందులోంచి బయటికి తేలేకపోతే మనకి ఒక పాయింటు. ఇంటికెళ్ళి పడుకోవచ్చు."

స్టాక్‌హౌస్ దుప్పటితోనే లేచి మా దగ్గరకొచ్చాడు. వచ్చి మూడు నెలలైనా ఈ ఆటలో అతనికి ఇంకా కొరుకుడుపడని సంగతి ఇదే.

"కోచ్, మా ఊళ్ళో గోలు తప్పితే తిడతారు. మీరు పాయింటిస్తారు. మరీ ఇంత మర్యాదైతే ఎలా? సరే, వాళ్ళు ఆ మడిలో బంతి పట్టుకుని తిరిగి మనమీదికి తంతే?"

"మనం పట్టుకుని మళ్ళీ తన్నొచ్చు."

"గడియారం ఆగిపోయాక కూడానా?"

"బంతి బతికున్నంతసేపు ఆట బతికున్నట్టే."

"మరి దీనికి అంతెక్కడ?"

"ఎవడో ఒకడు పడిపోయేదాకా," అన్నాడు నాన్న. స్టాక్‌హౌస్ దణ్ణం పెట్టినంత పనిచేసి, వెనక్కి వెళ్ళి బెంచీమీద కూర్చున్నాడు.

రెమీ మాత్రం నవ్వలేదు. హెల్మెట్‌ను రెండు చేతులతో తిప్పుతున్నాడు.

"కోచ్, ఆ మాట నన్నడగొద్దు."

"ఏం? కాలు నొప్పా?"

"కాలు బాగానే ఉంది." వాడు హెల్మెట్ చంకలో పెట్టుకున్నాడు. "రేపు పొద్దున్న కోఆపరేటివ్ దుకాణంలో కాఫీ బల్ల దగ్గర ఏమంటారో మీకు తెలీదా? కుర్రాడికి విసిరే చెయ్యి లేదురా, అందుకే కాలుతో కానిచ్చారు, అంటారు. గెలిచినా అదే అంటారు. నా మీద నమ్మకం ఉంటే చేత్తో పాస్ వెయ్యనివ్వండి. లేకపోతే డెవాన్‌ని పంపండి. తన్నించి మాత్రం నా పేరు..." ఆగాడు. ఆగి, అననే అన్నాడు. "మిమ్మల్ని అన్నట్టు నన్ను కూడా అనిపించుకోమంటారా?"

ఆ మాటకు హార్‌గ్రీవ్ కూడా బూట్లవంక చూసుకున్నాడు.

ఒక్క పాయింటు ఒరెస్ట్. మా ఊళ్ళో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. పదిహేడేళ్ళు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన మనిషి. గడ్డకట్టిన చేతులతో, పగిలిన పక్కటెముకలతో ఆడిన మనిషి. ఆయన విసిరిన బంతులన్నీ కలిపితే ఎంత దూరమో పాత రికార్డుల్లో ఉంది. కానీ జనం గుర్తుపెట్టుకున్నది ఆయన తన్నిన ఒక్క బంతినే. కాల్గరీలో కప్పు ఫైనల్. అప్పటికి నాకు రెండేళ్ళు. ఇప్పట్లాగే సమంగా ఉన్న ఆట, చివరి బంతి. అప్పటి కోచ్ గిబ్ సోరెన్సన్ ఆయన చేత బంతి తన్నించాడు. ఒక్క పాయింటుతో కప్పు వచ్చింది. పత్రికలు గిబ్‌ను మహా జిత్తులమారి అని మెచ్చుకున్నాయి. నాన్నకు దక్కింది ఆ పేరు. ఊరివాడి చెయ్యిమీద నమ్మకం లేక కోచ్ కాలుతో కానిచ్చాడు అన్నారు.

బడిలో ఆ పేరుతో వెక్కిరించిన పిల్లాడి ముక్కు పగలగొట్టి ఇంటికొచ్చాను నేను. నాన్న నా పిడికిలికి ఐసు పెట్టి, "కొట్టేటప్పుడు బొటనవేలు లోపల పెట్టకూడదు, విరుగుతుంది," అన్నాడు తప్ప ఆ పేరు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అమ్మ అడిగినా మాట్లాడలేదు. కాఫీ బల్ల దగ్గర ముసలాళ్ళు ముఖంమీదే అంటే కప్పు ఎత్తి, "ఒక్కటి చాలదా?" అనేవాడు.

ఇప్పుడు కూడా అదే అని నవ్వేస్తాడనుకున్నాను. నవ్వలేదు.

"గిబ్ నన్ను తన్నమనలేదురా," అన్నాడు.

రెమీ తలెత్తాడు.

"అవును. గిబ్ మైదానం గట్టుమీద నిలబడి చేత్తో సైగ చేసి చెప్పింది పాస్. కుడి మూలకి, పొడుగ్గా. కప్పు ఫైనల్లో చివరి బంతి, నా చేతికి అప్పజెప్పాడు. నమ్మకం లేనివాడు అలా చేస్తాడా?"

"మరి?" అన్నాను నేను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. నా చేతిలో టేపు చుట్ట ఉంది. అది ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియదు.

నాన్న నావైపు చూశాడు. తర్వాత రెమీతోనే చెప్పాడు.

"మా నాన్న ధాన్యం నిల్వచేసే ఎలివేటర్లో పనిచేసేవాడు. లారీలోంచి గోధుమలు గుంటలోకి పోస్తుంటే పొట్టు లేచి కళ్ళల్లో కొట్టేది. ఎటు నిలబడితే పడదో చూసి చెప్పడం నా పని. అది చెప్పలేకపోతే ఆరోజు నాన్న చేతిలో నాకు మూడినట్టే. ఆ ఫైనల్లో నేను వెళ్ళి బంతి వెనక నిలబడేసరికి, గడ్డిమీద మంచుపొడి లేచి మా వెనకనుంచి వాళ్ళ మడిలోకి ఒకటే పోత. సూటిగా, పక్కకి తిరగకుండా. వాళ్ళ వెనకవాళ్ళు పాస్ వస్తుందని ముందుకి తోసుకొచ్చేశారు. మడి ఖాళీగా ఉంది, మా దొడ్డిలాగా. బంతి చేతికొచ్చింది. కాలిమీద వేసుకున్నాను. అంతే."

"కోచ్ మాట కాదనా?" అన్నాడు రెమీ.

"కాదనే. ఎవడూ చెప్పలేదు. అప్పటిదాకా ఎవరో గీసిన ఆటలే ఆడాను. ఆ ఒక్కటీ మాత్రం నా కళ్ళతో నేను చూసి, నేను చేసింది."

"మరి పేపర్లో గిబ్ ఎత్తు అని రాశారు..."

"నేనే చెప్పాను. మైకు ముందు పెట్టి అడిగితే, కోచ్ చెప్పాడు నేను చేశాను అన్నాను. గిబ్‌ని తీసేద్దామని పైవాళ్ళు అప్పటికే చూస్తున్నారు." ఇక్కడ నాన్న హార్‌గ్రీవ్ వైపు చూడలేదు, చూడకపోవడమే తెలిసేలా. "క్వార్టర్‌బ్యాక్ మాట వినలేదని తెలిస్తే వాళ్ళకి అదొక్కటీ చాలు. కప్పు చేతిలో పెట్టుకుని కూడా తీసేసేవాళ్ళు."

"గిబ్ ఏమీ అనలేదా?"

"బస్సులో వచ్చి పక్కన కూర్చున్నాడు. తన శాండ్‌విచ్ సగం తుంచి నాకిచ్చాడు. ఊరొచ్చేదాకా మాట లేదు. మరుసటి ఏడాది మొదటి ఆటకి ఆఖరి బంతి అప్పుడు నేను సైగ కోసం గట్టువైపు చూశాను. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత నేను ఆడినన్నాళ్ళూ, ఆఖరి బంతికి గిబ్ చేతులు జేబుల్లోనే ఉన్నాయి."

మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఒక ఫోటో ఉంది. మంచులో నిలబడ్డ గిబ్ సోరెన్సన్, చేతులు జేబుల్లో, గడ్డం కాలర్లోకి దించుకుని. ఎంత చలేస్తోందో పాపం ముసలాయనకి అనుకునేదాన్ని చిన్నప్పుడు. ఇన్నేళ్ళూ నాన్న ఆ ఫోటోను రోజూ ఉదయం కాఫీ తాగుతూ చూసుకునేది ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఊరంతా నవ్విన మనిషి, ఇంట్లో కూర్చుని తనకు దక్కిన పెద్ద బహుమతిని తీరిగ్గా చూసుకునేవాడన్నమాట. దాని పక్కన ఆ ఫైనల్లో గెలిచిన కప్పు కూడా చిన్నదే.

 "నాన్నా," అన్నాను, మైదానంలో, అందరిముందూ.

"టేపు కింద పడింది, తియ్యి," అన్నాడాయన.

మైదానంలో చప్పట్లు మొదలయ్యాయి. విండ్సర్ భారీ మనిషి ఇద్దరి భుజాలమీద కుంటుకుంటూ బయటికి వెళ్తున్నాడు. రిఫరీ మావైపు తిరిగి చేతులు ఊపాడు.

హార్‌గ్రీవ్ గొంతు సవరించుకున్నాడు. ఇందాకటి కోపం లేదు, కంగారు ఉంది. "కథ బావుంది ఒరెస్ట్. కానీ రేపు పొద్దున్న యజమానులు నన్నడుగుతారు. ఆఖరి బంతికి నువ్వు ఏ ఆట చెప్పావో చెప్పు."

నాన్న రెమీ భుజంమీద చెయ్యి వేశాడు. హార్‌గ్రీవ్‌కే కాదు, బెంచీమీద కూర్చున్నవాళ్ళందరికీ వినపడేలా గొంతు పెంచాడు.

"పాస్! కుడి మూలకి, పొడుగ్గా. వేసేది పారంటో. అందరూ విన్నారా? ఒరెస్ట్ మజురక్ ఈ కుర్రాడి చేతిని నమ్మి పాస్ చెప్పాడు. రేపు ఎవడడిగినా ఇదే చెప్పండి. కాఫీ బల్ల దగ్గర కూడా."

రెమీ కళ్ళు పెద్దవయ్యాయి. "మీరు ఇందాక తన్నమని..."

"ఇందాక అడిగాను. ఇప్పుడు చెబుతున్నాను. నా మాట పాస్." ఇక మిగతాది మెల్లగా అన్నాడు, పక్కనున్న నాకు మాత్రం వినబడింది. "గట్టుమీదనుంచి గాలి సగమే తెలుస్తుందిరా. వెళ్ళి అక్కడ నిలబడి చూసుకో. తర్వాత నీ కళ్ళు, నీ ఇష్టం. నీకు చెయ్యి ఉందో లేదో తేల్చే పని నాది, తేల్చేశాను. దాని గురించి ఇక నువ్వు ఆలోచించక్కర్లేదు."

 రెమీ హెల్మెట్ పెట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "కోచ్, మా బామ్మ మీకు ఎల్క్ దుప్పి మాంసం పంపింది, కార్లో ఉంది, చెప్పడం మర్చిపోయాను," అని పరిగెత్తాడు.

"గెలిస్తే తింటా," అని అరిచాడు నాన్న. "ఓడినా తింటాలే, పో!"

స్టాక్‌హౌస్ దుప్పటి బెంచీమీద పారేసి గీతదాకా వచ్చాడు. "రెమీ! నీ చెయ్యి నాదానికంటే మంచిదని నాకు ఆగస్టులోనే తెలుసు. పరువు తక్కువని చెప్పలేదంతే!" అని కేకేశాడు. బెంచీ మొత్తం గొల్లుమంది.

మావాళ్ళు వరసగా నిలబడ్డారు. రెండు జట్ల మధ్య వదలాల్సిన గజం ఖాళీకి అవతల విండ్సర్‌వాళ్ళు. వాళ్ళకూ తెలుసు వైలీ లేడని. పాసే వస్తుందని వెనకవాళ్ళు ముందుకు జరిగారు. లోతుగా ఒక్కడే మిగిలాడు, ఎనిమిదో నంబరు, వాళ్ళలో అందరికంటే తెలివైనవాడు. గోలు స్తంభాలమీద కట్టిన రిబ్బన్లు వాళ్ళ మడివైపు నిటారుగా చాచుకుని పటపటలాడుతున్నాయి. పైన జెండా కూడా అటే.

రెమీ బంతి వెనక నిలబడ్డాడు. తల తిప్పి గట్టువైపు చూడలేదు. కిందికి చూశాడు. గడ్డిమీద మంచుపొడి సన్నగా జారుకుంటూ పోతోంది.

బంతి వాడి చేతికొచ్చింది. పాస్ వేసేవాడిలా మూడడుగులు వెనక్కి వేశాడు, చెయ్యి కూడా ఎత్తాడు. విండ్సర్‌వాళ్ళు మీద పడబోతుండగా, ఎత్తిన చేతినుంచి బంతిని కిందికి జార్చి కుడికాలితో తన్నాడు.

ఆ చప్పుడు నేను ఎముకల్లో విన్నాను. బంతి లేచింది, లేచి గాలిని ఎక్కింది. ముప్ఫై వేలమంది ఒక్కసారిగా నిలబడ్డారు. నేను బంతిని చూడలేదు, నాన్నను చూశాను. నాన్నా బంతిని చూడటంలేదు. తన్ని, అలాగే నిలబడ్డ రెమీని చూస్తున్నాడు. ఆ ముఖంలో ఉన్నది నేను నా పట్టా పుచ్చుకున్న రోజు ఒకసారి చూశాను. అప్పుడు కూడా ఇలాగే పళ్ళు బిగించి, కళ్ళు తుడుచుకోకుండా నిలబడ్డాడు.

"చూశావా," అన్నాడు ఎవరితోనో. నాతో కాదు. గిబ్‌తో కావచ్చు.

బంతి గోలు గీత దాటి చివరి మడిలో పడి, గంతులేస్తూ వెనక గీతవైపు దొర్లుతోంది. ఆ గీత దాటితే చాలు, పాయింటు మాది. గడియారం సున్నాకు వచ్చింది. మావాళ్ళు కొందరు అప్పుడే చేతులు పైకెత్తి గంతులేస్తున్నారు.

ఎనిమిదో నంబరు మాత్రం పరిగెత్తుతూనే ఉన్నాడు. గీతకు అడుగు దూరంలో బంతిమీద పడి దొరకబుచ్చుకున్నాడు. మావాళ్ళు ఇద్దరు మీదికి వస్తున్నారు. పరిగెత్తే సందు లేదు. వాడు లేచి, తిరిగి, ఉన్న బలమంతా పెట్టి బంతిని మా వైపు తన్నేశాడు.

 బంతి మడిలోంచి బయటికొచ్చింది. ఎదురుగాలిలోకి లేచి, కొట్టుకుని, దారి తప్పిన పక్షిలా పక్కకు వాలింది. దాని కింద ఒక్కడే ఉన్నాడు. తన్నినచోటు వదిలి ఎప్పుడు పరిగెత్తాడో, రెమీ. గుండెకు ఆనించి పట్టుకున్నాడు.

"బతికే ఉందిరా బంతి! తన్ను! మళ్ళీ తన్ను!" స్టాక్‌హౌస్ గొంతు పగిలిపోతోంది. "లేదు, పరిగెత్తు, కుడివైపు ఖాళీ!" అని అరుస్తూ హార్‌గ్రీవ్ గీత దాటి లోపలికి వెళ్ళిపోతున్నాడు. విండ్సర్‌వాళ్ళు నలుగురు రెమీవైపు వస్తున్నారు. మొదటివాడు పది గజాల్లో ఉన్నాడు.

రెమీ ఈసారి గట్టువైపు చూశాడు.

నాన్న రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

నేను పైకి చూశాను. ఇంతసేపూ పటపటలాడిన జెండా కర్రకు అంటుకుపోయి, కదలకుండా వేలాడుతోంది.